మడిచిన గొడుగు

రంగు పెన్సిలు పట్టినంత మాత్రాన రచన పిల్లలాట అయిపోతుందా? ఫిల్మ్‌నగర్‌లోని ఒక సినిమా ఆఫీసులో, అంచుల్లో బొమ్మలు గీసిన నా స్క్రిప్టు తెరవగానే అలాగే తేల్చేశారు: "ఈ బొమ్మలేంటండీ? తీసేసి, నీట్‌గా టైపు చేసి తీసుకురండి."

బస్సెక్కి ఆ పేజీలు చింపబోయాను. పక్క సీటులోని పెద్దావిడ నా చేయి పట్టుకుని, ఒక బొమ్మ మీద వేలు పెట్టారు.

"ఆగు బిడ్డా! గింత వానల గీ పిల్ల గొడుగు మడిచి పట్టుకుందేంది?"

"కోపమమ్మా. తడుస్తూనే ఇంటికి వెళ్తుంది."

"గది రాసినవా మరి?"

కుడివైపు సంభాషణలన్నీ వెదికాను, ఎక్కడా లేదు. ఆ కోపం ఎడమ అంచున నీలిరంగు గీతల్లోనే ఉంది. ఆవిడ యూసుఫ్‌గూడలో దిగిపోయారు. నేను ఆ సన్నివేశాన్ని ఒక్క సంభాషణైనా లేకుండా, ఆ మడిచిన గొడుగే కోపం చెప్పేలా తిరగరాసి, మరునాడు అదే ఆఫీసులో బొమ్మలతోనే ఇచ్చాను. వాళ్లు మళ్లీ కాదన్నారు, నేనూ చెరపనన్నాను.

మీ పేజీ అంచున ఉన్న బొమ్మను ఎవరైనా తీసేయమంటే, ముందు దాన్ని చదవమని అడగండి.