హోలీ పిచికారీతో స్టీరింగ్ ఆయిల్

అప్పుడే పోసిన కొత్త ఆయిల్‌ను నా చేతులతో నేనే పీల్చి పారబోశాను. అదీ ఒకసారి కాదు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతి కాబట్టి దాచుకునే వీలు కూడా లేదు.

అప్పట్లో మేం బోధన్‌లో ఉండేవాళ్లం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారుకు పవర్ స్టీరింగ్ ఉందని వీధంతా చెప్పుకున్నాను. కొన్నాళ్లకే పవర్ పోయి స్టీరింగ్ మిగిలింది. తిప్పితే బరువు, పైగా మూలుగు. చెరకు సీజన్లో చక్కెర ఫ్యాక్టరీ దారంతా ట్రాక్టర్లే. వాటి పక్కనుంచి కారును తప్పించడం గానుగ తిప్పినంత పని. స్టీరింగ్ ఆయిల్ నల్లబడిందని, మార్చితే సరిపోతుందని తెలిసింది.

తెల్లారితే అత్తమ్మకు నిజామాబాద్‌లో కంటిపొర ఆపరేషన్. భయంతో అప్పటికే వాయిదాలు వేయించింది. బస్సెక్కితే కడుపులో తిప్పుతుందట. కారు కదలకపోతే ఈసారీ తప్పించుకుంటుందని, తల్లి కన్ను ఇక దక్కదని మా ఆవిడ దిగులు.

"ఇయ్యాల కారు బాగుగాకుంటే మా అవ్వను ఇంక ఎవ్వలు తీస్కపోలేరు" అంది.

మెకానిక్‌కు ఇస్తే సాయంత్రానికి చేతికొస్తుందో రాదో. వాకిట్లోనే పని పెట్టుకున్నాను. పద్ధతి సులువే. బానెట్ కిందున్న చిన్న ట్యాంకులోంచి పాత ఆయిల్ పీల్చేయాలి, కొత్తది పోయాలి, ఇంజిన్ నడుస్తుండగా స్టీరింగ్‌ను ఈ కొసనుంచి ఆ కొసకు తిప్పాలి. పీల్చడానికి ఏమీ దొరక్క పిల్లల హోలీ పిచికారీ తీసి, సబ్బుతో కడిగి, ఎండబెట్టి వాడాను.

అత్తమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ చూస్తోంది. కారు మూలిగినప్పుడల్లా ఆవిడ ముఖం వెలుగుతోంది.

కొత్త ఆయిల్ పోసి ట్యాంకులోకి చూస్తే ఎర్రగా ఉంది. నూనె పసుపుగా ఉంటుందనే నాకు తెలుసు. ఎరుపంటే పిచికారీలోంచి కారిన హోలీ రంగే. మొత్తం పీల్చి, పాత ఆయిల్ ఉన్న బకెట్లో కలిపేసి, ట్యాంకును గుడ్డతో తుడిచి మళ్లీ పోశాను. మళ్లీ ఎరుపే. ఇంత గట్టి రంగును పిల్లల ముఖాలకు ఎలా పూశామా అనుకుంటూ మళ్లీ పీల్చాను.

అత్తమ్మకు నా అవస్థ నచ్చింది. "కారు బాగుగానట్టే ఉన్నది బిడ్డా. దవాఖానకు ఇంకోనాడు పోదాం తియ్యి" అంది. అక్కడితో ఆగితే గెలిచేది. ఆగలేదు. "అయినా గా కొత్త డబ్బ మూతికాడ కారింది సూడు. గది గూడ ఎర్రగనే ఉన్నది గదా?"

పిచికారీ తాకని డబ్బా అది. ఆయిల్ రంగే ఎరుపు.

నేను తేరుకునేలోపే ఆవిడ అందుకుంది. "సూసినవా, నా కన్ను మంచిగనే ఉన్నది. నాకెందుకు ఆపరేషన్?"

మా ఆవిడ లోపలినుంచి వచ్చింది. "గట్లనా అవ్వా. మరి మీ అల్లుని మొఖం ఎట్లున్నదో చెప్పు."

అత్తమ్మ నావైపు చాలాసేపు చూసింది. "మసకమసకున్నది."

"గందుకే పోవాలె."

ఆ క్షణాన నా ముఖం ఎవరికైనా మసకగానే కనపడి ఉంటుంది.

డబ్బాలో మిగిలింది చివరి చుక్కదాకా వంపాను. ఇంజిన్ ఆన్ చేసి నెమ్మదిగా తిప్పాను. బుడగలు లేచాయి. మూలుగు సన్నగిల్లి ఆగిపోయింది. ఆయిల్ ట్యాంకు మీద కనీస మట్టం చూపే గీతకు సరిగ్గా ఆనింది. స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతుంటే నేను ఊపిరి వదిలాను, అత్తమ్మ నిట్టూర్చింది.

మర్నాడు చెరకు ట్రాక్టర్ల పక్కనుంచి కారు వెన్నలా జారిపోయింది. ఆపరేషన్ అయి కట్టు విప్పగానే అత్తమ్మ కూతుర్ని చూసి, "ఇంత సిక్కిపోయినవేందే" అంది. ఆ మాటకు మా ఆవిడ ఏడ్చింది. నాకు ఆ ఏడుపు కూడా హాయిగానే వినిపించింది.

తర్వాత పరామర్శకు వచ్చినవాళ్లందరికీ అత్తమ్మ తన కన్ను సంగతి వదిలేసి అల్లుడి ఎర్రనూనె సంగతే చెప్పసాగింది. నేను ఆవిడ కంట్లో చుక్కల మందు వేసే పని మాత్రం అడిగి తీసుకున్నాను. వేళకు వేయాలని డాక్టర్ చెప్పాడు. ఆ వేళ ఎప్పుడూ, ఆవిడ చెప్పే కథలో నేను రెండోసారి ఆయిల్ పీల్చే ఘట్టం దగ్గరికే వచ్చేది.

"పండుకోండి అత్తమ్మా. మాట్లాడితే మందు కారిపోతది" అనేవాణ్ని.

కన్నుతోపాటు నోరూ మూసుకుని పడుకునేది.