ఉప్పు చూడని వంట

మా చిన్నప్పుడు... అమ్మ వంట చేస్తూ ఉప్పు చూసేది కాదు. దేవుడికి పెట్టకముందు నోట్లో వేసుకుంటే ఎంగిలి. తప్పేలాలో పులుసు మరుగుతుంటే వాసన పట్టి, ఉప్పు జాడీలో చెయ్యి పెట్టేది.

నైవేద్యం అయ్యాక, నాన్నగారు పీట మీద కూర్చునేలోపు, వేడన్నంలో కాస్త పులుసు కలిపి మొదటి ముద్ద నా నోట్లో పెట్టేది. నా మొహంలోకే చూస్తూ నిలబడేది... ఊపిరి కూడా తీసుకోకుండా.

ఉప్పు తేడా వస్తే నాన్నగారు అరిచేవారు కాదు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయేవారు. ఆ రోజంతా ఇంట్లో మాట ఉండేది కాదు. అందుకే ఆయన చూడకుండా, ఉప్పు తక్కువైతే నేను పెదవి తడుపుకునేదాన్ని. అమ్మకి ఆ సైగ చాలు.

ఇలాంటివి రాసే అలవాటు నాకు లేదు. మొన్న శనివారం జరిగింది అమ్మకి చెప్పుకోవాలనిపించింది... చెప్పుకోవడానికి అమ్మ లేదు. అందుకే మన గ్రూపులో రాస్తున్నాను.

మేముండేది అమెరికాలో, నార్త్ కరోలినాలోని క్యారీలో. మా అమ్మాయి వైష్ణవి ఒక కొరియా అబ్బాయిని చేసుకుంటానంది. మేం ఒప్పుకున్నాం. వాళ్ల అమ్మగారే ఇంకా ఏ మాటా చెప్పలేదు. మమ్మల్ని చూశాకే చెబుతానని అట్లాంటా నుంచి కొడుకుతో కారులో బయల్దేరారు.

ఆవిడకి అలవాటైన కూరలే చేద్దామనుకున్నాను. చూస్తే తేలికే... పాలకూర వేడినీళ్లలో ముంచి తీసి, నీళ్లు పిండేసి, నువ్వులనూనె, సోయా సాస్ కలపడం. సోయా మొలకలూ అంతే. కీరా చక్రాలు ఉప్పులో ఊరనిచ్చి, నీళ్లు పిండేసి, కారం, వెనిగర్, సోయా సాస్, వేయించిన నువ్వులు.

"అమ్మా, టేస్ట్ చేశావా?" అంది వైష్ణవి.

"నైవేద్యం కాకుండా ఎలా చూస్తానే?"

"ఇవాళ ఒక్కరోజుకి గాడ్ ఏమీ అనుకోడు. ప్లీజ్ అమ్మా!"

"ఆయన అనుకోడు. నాకే చెయ్యి రాదు."

పులుసైతే మరిగే వాసన చెబుతుంది. చల్లటి కీరా ఏం చెబుతుంది?

దీపం వెలిగించబోతుంటే బెల్ మోగింది. చెప్పిన టైమ్ కన్నా ముందే వచ్చేశారు. ఆవిడ నవ్వుతూ నేరుగా వంటింట్లోకి వచ్చి, చేతులు కడుక్కుని, కీరా గిన్నెలోకి చెయ్యి చాపారు.

"వన్ మినిట్... ప్లీజ్," అంటూ గిన్నె నా వైపు లాక్కున్నాను.

ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నవ్వు పోయింది.

"అమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్?" అంది వైష్ణవి.

వెనక్కి తగ్గలేకపోయాను. గిన్నెలు దేవుడి అర ముందు పెట్టి, దీపం వెలిగించి, నీళ్లు తిప్పి దణ్ణం పెట్టుకున్నాను. పిల్ల పెళ్లి నా చేతులారా చెడగొట్టానా స్వామీ... అని అడిగాను. తిరిగి చూస్తే ఆవిడ తల వంచి నిలబడి ఉన్నారు.

"ఫస్ట్ గాడ్," అన్నాను మెల్లగా. "దెన్ యూ."

ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. నమిలారు. మొహంలో ఏమీ కదల్లేదు... అచ్చం చిన్నప్పటి నాలాగే. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను... అచ్చం అమ్మలాగే.

ఇంకో ముక్క తీసి నా నోటి దగ్గరికి తెచ్చారు. "ఆ..." అన్నారు, పసిపిల్లకి పెట్టినట్టు. ఎంగిలన్న ఆలోచన కూడా రాలేదు నాకు. నోరు తెరిచాను.

ఉప్పు కషాయం! ఊరబెట్టిన ఉప్పు కడగకుండా, పైన సోయా సాస్ కూడా పోసేశాను మరి.

నా మొహం చూసి ఆవిడకి నవ్వాగలేదు. కీరాని నీళ్లలో జాడించి, పిండి, చేత్తోనే మళ్లీ కలిపారు. మళ్లీ నా నోట్లోనే పెట్టి, నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. ఈసారి సరిపోయింది. తల ఊపాను.

వెళ్లేటప్పుడు వైష్ణవి చెయ్యి పట్టుకుని నాతో అన్నారు... "నెక్స్ట్ టైమ్, వీ కుక్ టుగెదర్. ఫస్ట్ గాడ్. దెన్ వీ టేస్ట్."

కారు మలుపు తిరగగానే వైష్ణవి నన్ను వాటేసుకుని ఏడ్చేసింది.

అమ్మ పోయాక, మొన్న శనివారం దాకా నా నోటికి ముద్ద అందించినవాళ్లు లేరు. ఇప్పుడు బల్ల మీద ఉప్పు డబ్బా ఉంటుంది, ఎవరికి కావలసింది వాళ్లు చల్లుకుంటాం... ఎవరూ ఎవరి మొహంలోకీ చూడనక్కర్లేదు.

మీ ఇంట్లో మొదటి ముద్ద ఎవరి నోటికి అందేది? వీలైతే చెప్పండి. నేను రాసింది మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి, బయట ఎవరికీ చూపించకండి... ఆ పెదవి తడుపుకునే సైగ సంగతి నాన్నగారికి చివరిదాకా తెలియదు.