వెనక గొంతు ముందుకొచ్చిన వైనం

స్టూడియోలో అందరూ ఆమెను కోరస్ పిన్ని అనేవారు. పేరున్న గాయనీ గాయకుల వెనక నిలబడి, ఇరవయ్యేళ్లుగా వాళ్ల పాటలకు 'ఆ'లూ 'ఊ'లూ సరఫరా చేసిన మనిషి. శ్రుతి తప్పకుండా పాడాలి, పాడినట్టు మాత్రం ఎవరికీ తెలియకూడదు. ఈ విచిత్రమైన వృత్తిధర్మంలో పిన్ని నిష్ఠాగరిష్ఠురాలు.

ఒక పూట అసలు గాయని ఆలస్యంగా వస్తే, ఊరికే ఉండలేక పిన్ని తీసిన కూనిరాగం పాటల కంపెనీ యజమాని చెవిన పడింది. ఆయన మురిసిపోయి, సొంత ఆల్బమ్ చేయమన్నాడు. గుండెల్లోంచి తన్నుకొచ్చేలా పాడాల్సిన సోల్ పాటలు.

మొదటి పాట మొదలైంది. వాద్యాలు దారి ఇచ్చాయి. పిన్ని మైకుకు దూరంగా నిలబడి, పల్లవిని మర్యాదగా వదిలేసింది.

"ఎవరి కోసం ఆగావు పిన్నీ?" అద్దం అవతలి నుంచి సౌండ్ ఇంజినీరు అడిగాడు.

"అయ్యో, నేనే కదూ!" అని ఆమె నాలుక కరుచుకుంది.

మళ్లీ పాడింది. పక్క గొంతులో కలిసిపోయేంత మెత్తగా పాడింది. పక్కన గొంతే లేదన్నది ఒక్కటే లోటు. సాయంత్రం యజమాని విని నిట్టూర్చాడు.

"రేపు మధ్యాహ్నం దాకా చూద్దాం అమ్మా. కుదరకపోతే ముందు పాడ్డానికి ఎవరైనా పేరున్నవాళ్లని పిలుద్దాం. వెనక మీరెలాగూ ఉంటారు."

సొంత పెళ్లిలో తోడిపెళ్లికూతురి హోదా అన్నమాట.

మర్నాడు పొద్దున్నే పిన్ని ఇంజినీరుతో, "నాయనా, ముందు కోరస్ కానిద్దాం. అదైతే నాకు చేతనైన పని" అంది. కింది గొంతూ, నడిమి గొంతూ, పై గొంతూ తనే పాడి, గోడ కట్టినట్టు నిలబెట్టింది. ఇంజినీరు దాని మీద నిన్నటి పాట కలిపి వినిపించాడు. హెడ్‌ఫోన్లలో వింటున్న పిన్ని మొహం చిట్లించింది.

"ముందు పాడేది ఎవర్రా? వెనక ఇంతమంది మోస్తుంటే ఏమిటా నసుగుడు? పొద్దున అన్నం తినలేదా?"

"నువ్వే పిన్నీ. నిన్న పాడిందే."

నీరసపు గొంతులు ఎన్నింటినో ఆమె వెనక నుంచి మోసింది, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. ఈవిడ దగ్గర మాత్రం ఆ మొహమాటం అక్కర్లేదు.

"ఆవిణ్ణి పక్కకి జరగమను" అంటూ మైకుకు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లింది.

ఏళ్లుగా మింగేసిన పల్లవులన్నీ ఒక్కసారిగా తలుపు తోసుకొచ్చాయి. కింది స్థాయిలో ఆ గొంతు నేల మీద బరువైన బల్లను ఈడ్చినట్టు గరగరలాడింది. పైకి వెళ్లేసరికి ఆ బల్లకే రెక్కలొచ్చాయి. ఒకచోట గొంతు సన్నగా చీలింది కూడా. ఇంజినీరు ఆ చీలికను సరిచేద్దామని చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. కొన్నింటిని బాగుచేయడం నేరమని తెలిసినవాడు.

మధ్యాహ్నం యజమాని ఒక పేరున్న గాయనిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె తలుపు దగ్గరే ఆగి పాట చివరిదాకా విన్నది.

"ఇక్కడ ముందు ఖాళీ ఎక్కడుందండీ?" అని యజమానిని అడిగి, పిన్ని వైపు తిరిగింది. "మీరు ఒప్పుకుంటే వెనక పాడతాను."

"వెనకా నేనే ఉన్నానమ్మా" అంది పిన్ని. "కుర్చీ వేయిస్తాను, కూర్చుని వినండి."