ఇనపతాత వెనక చెయ్యి

మా వదినది గొప్ప జీవితమేమీ కాదు. ఆమె గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు, ఇకముందు రాస్తారన్న నమ్మకం నాకూ లేదు. అందుకే నేను చెబుతున్నాను. నేను ఆమెకు ఆడపడుచును, అంటే ఆమెను మోసం చేసిన మనిషికి స్వయానా చెల్లెలిని. మధ్యలో ఎక్కడైనా నా నోరు పదునెక్కితే సర్దుకుపోండి. సొంత అన్నను తిట్టుకునే హక్కు నాకు పుట్టుకతో వచ్చింది.

మా అన్నయ్యకు మంచి గొంతు. ఆ సంగతి అతనికి చిన్నప్పుడే తెలిసిపోవడం మా ఇంటి దురదృష్టం. పెద్దయ్యాక పిల్లల కోసం కథలు రికార్డు చేసే ఒక చిన్న స్టూడియోలో నటుడిగా చేరాడు. వదిన అప్పటికే అక్కడ శబ్దాలు చేస్తూండేది. తలుపు కిర్రుమనడం, వాన పడటం, ఎవరో మెట్లు దిగి రావడం, అన్నీ ఆమె చేతుల్లోంచే పుట్టేవి. ఒకే గదిలో, ఒకే మైకు దగ్గర పనిచేస్తూ ఇద్దరూ ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. పెళ్లయిన కొత్తలో వాళ్లిద్దరూ కలిసి తయారుచేసినవాడే ఇనపతాత.

ఇనపతాత ఒక తుప్పుపట్టిన రోబో. రిపేరు షాపు అటక మీద ఉంటాడు. పిల్లలు ఏది అడిగినా తడుముకోకుండా తప్పు జవాబు చెబుతాడు. ఆ నాటకం వారం వారం వచ్చేది. మా వీధిలో పిల్లలు బడిలో కూడా తాత చెప్పిన జవాబులే రాసి తన్నులు తినేవారు.

తాత గొంతు వదిన సింథసైజర్‌లోంచి వచ్చేది. సింథసైజర్ అంటే మెట్లున్న పియానో లాంటిది కాదు, మాడ్యులర్ రకం. చెక్కపెట్టెలో పక్కపక్కనే బిగించిన పలకలు, వాటి నిండా నాబులు, రంధ్రాలు, ఒక రంధ్రంలోంచి ఇంకో రంధ్రంలోకి రంగురంగుల తీగలు. తీగ పెట్టిన దారినే శబ్దం నడుస్తుంది. కొన్ని పలకలు కొన్నది, కొన్ని తనే అతికి తయారుచేసుకుంది. మా అమ్మ మొదటిసారి ఆ పెట్టెను చూసి, కోడలు టెలిఫోన్ ఎక్స్ఛేంజి వెంటబెట్టుకుని కాపురానికి వచ్చిందని అందరికీ చెప్పింది.

ఆ పలకల్లో ఒకదాని పేరు రింగ్ మాడ్యులేటర్. దాని సంగతి నాకు అర్థమైనంత చెబుతాను. నాకే అర్థమైందంటే మీకు కష్టమేమీ కాదు. దానికి లోపలికి రెండు దారులు, బయటికి ఒకటి. ఒక దారిలో అన్నయ్య గొంతు వెళ్లేది. రెండో దారిలో ఆసిలేటర్ అనే పలక పుట్టించే, ఎత్తుపల్లాలు లేకుండా ఒకే తీరుగా మోగే స్వరం వెళ్లేది. రింగ్ మాడ్యులేటర్ ఈ రెండింటినీ కలపదు, గుణిస్తుంది. బయటికి ఆ గొంతూ రాదు, ఆ స్వరమూ రాదు. రెండింటి కంపనాలు కూడితే వచ్చేదొకటి, తీసేస్తే మిగిలేదొకటి, ఆ రెండే వస్తాయి. మాటలు మనిషివే, గొంతు మాత్రం ఇనుముది.

రెండింట్లో ఏది ఆగినా బయట నిశ్శబ్దం కావాలి. కానీ ఆ పలక వదిన సొంతంగా చేసుకున్నది, లోపలి డయోడ్లు, అంటే కరెంటును ఒక వైపే పోనిచ్చే చిన్న ముక్కలు, ఒకదానితో ఒకటి సరిగ్గా జత కుదరలేదు. అందుకని అన్నయ్య మాట ఆపినప్పుడు ఆసిలేటర్ స్వరం కాస్త బయటికి కారేది, సన్నటి ఈలలాగా. వెనకనున్న మర తిప్పితే కాసేపు సర్దుకునేది, పెట్టె వేడెక్కగానే మళ్లీ మొదలు. కొత్త పలక కొనుక్కోవచ్చు కదా అని నేనంటే, తాత గొంతులో ఉన్న ఆ గరుకుదనం కూడా ఈ జత కుదరని డయోడ్లదేనని చెప్పింది.

అందుకు ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. కుడిచెయ్యి ఆసిలేటర్ నాబు మీద ఉండేది, తాత కోపానికీ నీరసానికీ అటూ ఇటూ తిప్పడానికి. ఎడమచెయ్యి బయటికి వచ్చే శబ్దాన్ని పెంచీ తగ్గించే నాబు మీద ఉండేది. అన్నయ్య మాట ముగిసే చోట తగ్గించేది, మళ్లీ నోరు తెరిచేలోపు పెంచేది. మాటకీ మాటకీ మధ్య ఆ ఈల ఒక్క వారం కూడా ఎవరి చెవినా పడలేదు. అతను ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో, ఎక్కడ గుటక వేస్తాడో ఆమెకు కంఠతా వచ్చు. అతనికి మాత్రం ఆ ఎడమచెయ్యి ఏం చేస్తోందో తెలియదు. కళ్లు మూసుకుని నటించేవాడు మరి. కళాకారుడు కదా.

ఇంటికి ఎవరొచ్చినా అన్నయ్య, "ఇనపతాతని నేనే" అనేవాడు. వదిన పక్కనే నవ్వుతూ నిలబడేది. అప్పుడు నాకు కడుపు మండేది, ఆమెకు మండేది కాదు. పేరు మీద ఆమెకు ఆశ లేదు. ఒక్కటే కొరత ఉండేది, అదీ నాతో ఒకే ఒక్కసారి చెప్పుకుంది. "నువ్వది ఎలా చేస్తావని ఈయన ఒక్కనాడన్నా అడిగితే బాగుండు. రోజూ ఎదురుగానే కూర్చుని చేస్తాను కదా."

అలా ఉండగా వదిన వాళ్లమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వదిన పెట్టెను ఇంట్లోనే వదిలి పుట్టింటికి వెళ్లింది. ఆస్పత్రి, ఆపరేషన్, ఆ తర్వాత ఆమెను పట్టుకుని నడిపించడం, ఇలా అక్కడే చాలాకాలం ఉండిపోవలసి వచ్చింది. తోడుగా నేనూ అప్పుడప్పుడు వెళ్లేదాన్ని. అన్నయ్య రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాడు. మొదటిరోజు ఎలా ఉన్నావు, తిన్నావా అని మాత్రం అడిగాడు. మర్నాటి నుంచి ఆమె పని గురించి అడగడం మొదలుపెట్టాడు. ఆ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికి, ఈ నాబు దేనికి అని. అడిగి, ఊరికే అడుగుతున్నాను, నీ గొంతు వినాలని ఉంది అనేవాడు.

ఒక సాయంత్రం నేను పక్కనే ఉన్నాను. వదిన వార్డు కిటికీ దగ్గర నిలబడి, ఖాళీ చేత్తో గాలిలో నాబులు తిప్పుతూ చెబుతోంది. "ఏడవాలంటే పైకి కాదండీ, బాగా కిందకి తిప్పాలి. అప్పుడు తాత గొంతు వణుకుతుంది. మీరు మాట కొంచెం సాగదియ్యండి, మిగతాది అదే చూసుకుంటుంది." ఆమె మొహం వెలిగిపోతోంది. మంచం మీద నుంచి వాళ్లమ్మ, పెళ్లప్పుడు కూడా దీని మొహం ఇలా లేదే అని నాకేసి కన్నుగీటింది. ఫోన్ పెట్టేశాక వదిన, "ఇన్నాళ్లకి ఆయనకి నా పని కనపడింది" అంది. ఆ మాట అంటూ కళ్లు తుడుచుకుంది. నాకూ సంతోషం వేసింది. మా అన్నయ్యలో ఒక మనిషి కూడా ఉన్నాడు కాబోలు అనుకున్నాను.

ఆమె తిరిగొచ్చేసరికి అన్నయ్య మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఇనపతాత నాటకం ఆపేశారన్నాడు. వేరే కంపెనీలో ప్రకటనలు చదివే పని దొరికింది, ఇక అదే గతి అన్నాడు. వదిన తన బాధ మింగేసి అతన్ని ఓదార్చింది. మీ గొంతు ఎక్కడికీ పోదు, ఇంకో తాత పుడతాడులే అంది. పెట్టె మీద పాత దుప్పటి కప్పింది. అతను తలవంచుకుని ఆ ఓదార్పంతా స్వీకరించాడు. అక్కడ కూడా నటన బాగానే చేశాడు.

నేను చెవి మిషన్లు అమ్మే దుకాణంలో ముందు బల్ల దగ్గర కూర్చుంటాను. మా యజమానితో మాట్లాడి వదినను అక్కడే చేర్పించాను. వచ్చినవాళ్ల చెవికి మిషన్ అమర్చి, సరిచేసి ఇవ్వడం ఆమె పని. మిషన్ చెవిలో సరిగ్గా కూర్చోకపోతే ఈల వేస్తుంది. కుదురుగా కూర్చోబెట్టి ఆ ఈల మాన్పించడంలో ఆమెను మించినవాళ్లు లేరని తొందరలోనే పేరొచ్చింది.

ఒకరోజు ఒక తల్లి తన కూతుర్ని తీసుకొచ్చింది. పిల్లకు కొత్త మిషన్. వదిన అమర్చాక, వినపడుతోందో లేదో చూడటానికి ఆ తల్లి ఫోన్‌లో కథ పెట్టి మిషన్‌కు కలిపింది. పిల్ల నవ్వింది. ఆ తర్వాత మొహం చిట్లించి, ఈల వస్తోందని చెప్పింది. వదిన మిషన్ తీసి మళ్లీ అమర్చింది. ఈల పోలేదు. చెవిలో పెట్టే గుండీ మార్చింది. అయినా పోలేదు. ఆ తల్లి మొహమాటపడుతూ, తప్పు మిషన్‌ది కాదేమో, ఈ కథలో ఇంట్లో కూడా మధ్యమధ్య ఇలాంటి చప్పుడే వస్తుందని చెప్పి, ఫోన్ బయటికి వినపడేట్టు పెట్టింది.

ఇనపతాత మాట్లాడుతున్నాడు. చంద్రుణ్ణి ఎవరు కడుగుతారని ఒక పిల్లాడు అడిగాడు. ఆ జవాబు మేమెప్పుడూ వినలేదు, ఆ కథే కొత్తది. తాత ఒక మాట అన్నాడు, ఆగాడు. ఆ ఆగిన చోట సన్నటి ఈల. ఇంకో మాట, మళ్లీ ఈల.

వదిన చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి విన్నది. తన ప్రమేయం లేకుండానే ఆమె ఎడమచెయ్యి మాట మాటకీ బల్ల మీద అటూ ఇటూ తిరుగుతోంది. నేను చూశాను. కథ అయిపోయింది. ఆమె పిల్లతో, "నీ మిషన్ బాగానే ఉందమ్మా, ఈల కథలోనే ఉంది" అని చెప్పి పంపింది. ఆ తర్వాత నా దగ్గరికొచ్చి కూర్చుని, ఇంటికెళదాం, నువ్వు కూడా రా అంది.

అన్నయ్య ఇంట్లోనే ఉన్నాడు. కొత్త కథలు విన్నామని చెప్పగానే ముందు బుకాయించాడు. పాత స్టూడియో వాళ్లు ఎవరికో అమ్ముకున్నారేమో, ఎవరో అనుకరిస్తున్నారేమో, ఇప్పుడు కంప్యూటర్‌లో అన్నీ వస్తున్నాయి కదా అన్నాడు. వదిన గొంతు పెంచలేదు.

"పెట్టె నాదేనండీ. దాని ఈల నాకు తెలీదా. చెయ్యి మాత్రం నాది కాదు."

అతనికి ముందు అర్థం కాలేదు. ఫోన్లలో అతను ఎన్నడూ అడగని ఎడమచెయ్యి సంగతి ఆమె చెప్పాక, అంతకాలమూ తన ఎదురుగా ఏం జరిగిందో అతనికి అప్పుడు తెలిసింది. ఒక్కొక్కటే బయటికొచ్చింది. ఓ పెద్ద కంపెనీ ఇనపతాతను తీసుకుంటానంది. మనిషి ఒక్కడైతే చాలంది. గొంతూ నాదే, యంత్రమూ నాదేనని ఇతను చెప్పాడు. వదిన ఆస్పత్రిలో వాళ్లమ్మకు అడుగులు నేర్పిస్తుంటే, ఇతను ఇంట్లో ఆమె పెట్టె ముందు కూర్చుని కొత్త కథలన్నీ రికార్డు చేసుకున్నాడు. నాటకం ఆగలేదు, ఆమెనే ఆపేశారు. ఇతను రోజూ వెళ్లేది ప్రకటనలు చదవడానికి కాదు, ఇనపతాత పేరు చెప్పుకుని ఆ పెద్ద కంపెనీ కుర్చీలో కూర్చోవడానికి.

ఇంతా చెప్పి, తనను తాను సమర్థించుకోబోయాడు. "దొంగతనంగా ఏం తీసుకోలేదే. ప్రతిదీ నిన్ను అడిగే చేశాను. నువ్వే కదా రోజూ ఫోన్లో చెప్పావు."

వదిన మొహంలో రంగు పోవడం అప్పుడు చూశాను. అప్పటిదాకా ఆమె పోగొట్టుకున్నది పని. ఆస్పత్రిలో కిటికీ దగ్గర నిలబడి గాలిలో తిప్పిన నాబులన్నీ ఒక్కసారి గుర్తొచ్చి ఉంటాయి. నాకైతే అన్నయ్య చెంప ఛెళ్లుమనిపించాలనిపించింది. అన్న కాబట్టి ఆగాను, అదీ ఒక్క క్షణమే. తర్వాత నోటికొచ్చినట్టు తిట్టాను. అతను నన్ను పట్టించుకోకుండా వదినతో, కంపెనీ వాళ్లు కూడా ఆ ఈల గురించి సణుగుతున్నారని, తీసేయబోతే మాట చివర తెగిపోతోందని, అదెలా పోతుందో కాస్త చెప్పమని అడిగాడు. తాళం పగలగొట్టినవాడు బీరువా సరిగ్గా తెరుచుకోవడం లేదని ఇంటివాళ్లకే చెప్పుకున్నట్టుంది.

వదిన పెట్టె దగ్గరికి వెళ్లింది. దుప్పటి తీసి, పెట్టెలోని తీగలన్నీ ఒక్కొక్కటిగా ఊడదీసి చుట్టలు చుట్టింది. పెట్టె మూత వేసింది. నేను ఒక వైపు పట్టుకున్నాను. గుమ్మం దగ్గర ఆమె ఆగింది.

"తాతని ఉంచుకోండి. నాకొక్కటి చెప్పండి. ఆ ఫోన్లలో ఒక్కటన్నా నాకోసం చేశారా?"

అతను నేలకేసి చూస్తూ చెప్పాడు. "మొదటిరోజు పెట్టె గురించి ఏమీ అడగలేదు కదా. అది నీకోసమే."

వదిన తలూపింది. మేము మెట్లు దిగి వచ్చేశాం.

అప్పటినుంచి ఆమె నా దగ్గరే ఉంటోంది. పెట్టె నా గదిలో గోడవారగా ఉంది, ఇంకా తెరవలేదు. దుకాణంలో పిల్లల చెవులకు మిషన్లు అమరుస్తోంది, మునుపటిలాగే ఓపిగ్గా. అన్నయ్యను నేను తిట్టినప్పుడల్లా అడ్డం వస్తుంది. "అన్నీ దొంగ ఫోన్లు కావులే. మొదటిది ఒకటుంది కదా" అంటుంది. ఆ ఒక్కటీ పట్టుకుని అంత కాపురాన్నీ అబద్ధం కాకుండా కాపాడుకుంటోంది.

ఆ మొదటిరోజు సాయంత్రం నేను అన్నయ్య ఇంట్లోనే ఉన్నాను. భార్య పుట్టింటికి ఎలా చేరిందో కనుక్కోకుండా అతను టీ తాగుతూ కూర్చుంటే చూడలేక తిట్టాను. విసుక్కుంటూ, రేపు చేస్తాలే అన్నాడు. నంబరు నేనే నొక్కి, ఫోన్ అతని చేతిలో పెట్టాను. ఏం మాట్లాడాలని చేత్తోనే సైగ చేస్తే, తిన్నావా అని అడగమని చెప్పాను.

వదిన మొదటి ఫోన్ మాటెత్తినప్పుడల్లా, అవును వదినా అంటాను.