ఫోను రాకముందే వాయిదాలు

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉండగా కొత్త ఫోను కావాలని పట్టుబట్టింది. దాని దగ్గరున్నది నేను వాడి వదిలేసిన పాతది, ఛార్జింగ్ నిలిచేది కాదు. రాజాంలో ఒక షాపుకి తీసుకెళ్ళాను. ముందు పైసా కట్టక్కర్లేదనీ, నెలకు రెండు వేలు కడితే చాలనీ షాపాయన చెప్పాడు.

"రెండు వేలే కదమ్మా. నా ట్యూషను డబ్బులు సరిపోతాయి" అంది అమ్మాయి.

సాయంత్రాలు మా వీధి పిల్లలకు లెక్కలు చెప్పి అంతకు కాస్త ఎక్కువే సంపాదిస్తోంది. కాదనడానికి కారణం లేదు. కానీ ఆ ఏడాదే మా అక్క కొడుకు ఫోనులో ఏదో యాప్‌లో అప్పు తీసుకున్నాడు. అది తీర్చడానికి ఇంకో యాప్‌లో తీసుకున్నాడు. చివరికి ఆ అప్పులవాళ్ళు చుట్టాలందరికీ ఫోన్లు చేసి తిట్టారు. పొలం కౌలుకని దాచిన డబ్బు కట్టి మా అక్క ఆ గొడవ వదిలించుకుంది. వాడు తెలివితక్కువవాడేమీ కాదు. అప్పు ఎలా పెరుగుతుందో వాడికెవరూ చెప్పలేదు, అంతే.

ఏమీ కొనకుండా ఇంటికొచ్చేశాం. "ఒక ఆరు నెలలు నన్నే ఫైనాన్స్ కంపెనీ అనుకో. ప్రతి నెలా ఐదో తారీకుకి నాకు రెండు వేలు కట్టు. తప్పకుండా కడితే మిగతాది నేను వేసి ఫోను కొంటాను. ఆలస్యమైతే మాత్రం ఫైను ఉంటాది" అన్నాను.

"ఇంతేనా!" అని నవ్వింది. మొదటి నెల గడువుకి ముందే తెచ్చిచ్చింది.

తర్వాతి నెల దసరా సెలవులు. ట్యూషను పిల్లలు అమ్మమ్మల ఊళ్ళకు పోయారు, సగం ఫీజులు రాలేదు. వచ్చిన దాంట్లోనే స్నేహితురాళ్ళతో కళింగపట్నం సముద్రానికి వెళ్ళొచ్చింది. ఐదో తారీకు దాటిపోయింది.

"వచ్చే నెల రెండూ కలిపి కట్టేస్తానే అమ్మా."

"కట్టు. ఫైనుతో కలిపి."

"ఫోనే ఇవ్వకుండా ఫైనేటి?"

అన్నం తింటున్న మా ఆయన తలెత్తి, "కన్నకూతురి దగ్గర వడ్డీ యాపారమేటే నీకు?" అన్నారు. నేను మాట మార్చలేదు. అమ్మాయి నాతో మాట్లాడడం మానేసింది. నాకూ బాధగానే ఉంది. పరాయివాళ్ళ చేత తిట్లు తినేకంటే నామీద అలగడమే నయమని సర్దిచెప్పుకున్నాను.

కొద్దిరోజులకు ఫైనుతో సహా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఫీజులు వచ్చి ఉంటాయనుకున్నాను.

అసలు సంగతి మా అత్తగారి నోట బయటపడింది. ఒక ఆదివారం అందరం టీ తాగుతుంటే ఆవిడ మనవరాలిని, "ఒలే, నా పింఛను డబ్బులు ఎప్పుడిస్తావే? మందులు అయిపోనాయి" అని అడిగారు.

అమ్మాయి తల దించుకుంది. "ఇస్తాను నానమ్మా. ముందు ఈ నెలది అమ్మకి కట్టాలి కదా."

"మీయమ్మకి కట్టీసి కూసుంటే నా మందులెవులు కొంటారే?"

ఫైనుతో సహా నాకు కట్టింది అత్తగారి పింఛను డబ్బని అప్పుడర్థమైంది. అమ్మాయి గ్లాసు కింద పెట్టి, "ఫోనింకా సేతికే రాలేదు. అప్పుడే ఇద్దరికి బాకీ పడిపోయాను" అంది. ఏడవలేదు. చెప్పులేసుకుని, ఫీజు బాకీ ఉన్న పిల్లల ఇళ్ళకు బయల్దేరింది. మధ్యాహ్నానికల్లా నానమ్మ మందులతో తిరిగొచ్చింది.

ఆ రోజే నా పక్కన కూర్చుని, "నిజం కంపెనీ అయితే, కట్టకపోతే ఏటి సేస్తారమ్మా?" అని అడిగింది. నాకు తెలిసింది చెప్పాను. ఫైను మీద వడ్డీ పడుతుందని, ఇంటికి ఫోన్లు వస్తాయని, రేపు చదువుకి లోను కావాలంటే బ్యాంకువాళ్ళు ఇవన్నీ చూస్తారని.

వేళ్ళమీద ఏవో లెక్కలు వేసుకుంది. "పండగ నెలలో నేను కట్టలేనే. వీలైనంత దాచుకుని కొనుక్కుంటాను. నా డబ్బులు నాకిచ్చీ."

"సరే."

"ఫైను కూడా."

మా అత్తగారు పకపకా నవ్వారు. మొత్తం ఇచ్చేశాను. ఆ వారమే బ్యాంకులో దాని పేరున ఖాతా తెరిచాం.

వేసవిలో ఫోను కొనుక్కుంది, డబ్బంతా ఒకేసారి కట్టి. ముందు మనసుపడ్డది కాదు, అంతకంటే చవకది. కెమెరా బాగోలేదని ఇప్పటికీ సణుగుతుంది. మరీ కటువుగా ఉన్నానా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అమ్మాయి మాత్రం ట్యూషను ఫీజులు ఇప్పుడు నెల మొదట్లోనే వసూలు చేస్తోంది.