అవ్వ కడుపు ఒప్పుకున్న కారు

కారు కొందామనుకున్నప్పటి నుంచి మా ఇంట్లో హైబ్రిడ్ గొడవే. నాకేమో తెగ ఉబలాటం, మా ఆయనకేమో అన్నీ అనుమానాలు. రేటెక్కువ, బ్యాటరీ పోతే ఎవడు చూస్తాడు, మామూలు పెట్రోల్ బండికేం రోగం అంటాడు. జీడిమెట్లలో ఆయనతో పనిచేసేవాళ్లు రోజుకో భయం నూరిపోసి పంపేవారు. వాళ్లలో ఒక్కరికైనా ఆ బండి ఉందా అంటే లేదు! నాకు ఒళ్లు మండేది.

హైబ్రిడ్ పెట్రోల్‌తో పాటు బ్యాటరీ మీద కూడా చప్పుడు లేకుండా నడుస్తుందట. నా ఆశంతా మా అవ్వ గురించే. ఇంజన్ గుడగుడ మొదలైతే చాలు, ఆమెకు కడుపులో తిప్పుతుంది. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆమె చెల్లెలు మంచం పట్టింది. కిరాయి కారులో చూడటానికి వెళ్లినప్పుడల్లా దారి పొడుగునా వాంతులే. దిగీ దిగగానే చెల్లెలి పక్కనే సోలిపోయేది. కాస్త తేరుకునేసరికి మేం బయల్దేరాల్సిన వేళయ్యేది. పాపం, ఇద్దరూ తనివితీరా మాట్లాడుకున్నదే లేదు. ఇక కారెక్కనని అవ్వ మొండికేసింది.

షోరూం అతను హైబ్రిడ్ బండిని నడిపి చూడమని మేడ్చల్‌లో మా ఇంటికే తెచ్చాడు. అవ్వను బతిమాలి ముందు సీట్లో కూర్చోబెట్టాను. నిమ్మకాయ గుప్పిట్లో పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుంది. మా ఆయన నడుపుతున్నాడు. నా పక్కన షోరూం అతను మైలేజీ గురించి చెబుతూనే ఉన్నాడు, నేనొక్క ముక్క వింటే ఒట్టు. నా చూపంతా అవ్వ మీదే.

చెక్‌పోస్ట్ దగ్గర ఆగగానే ఇంజన్ చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. అవ్వ కళ్లు తెరిచింది.

"బందైందా బిడ్డా?"

"లేదవ్వా, గిది గట్లనే ఉంటది."

ఊరు దాటాక అద్దం దించమంది. వాంతికేననుకుని గబగబా కవరు అందించబోయాను. తీరా చూస్తే, ఎవరి పొలంలో లేఅవుట్ వేశారో నాకు చూపించడానికట! సంతోషం పట్టలేకపోయాను. షోరూం అతను ఇక వెనక్కి తిప్పుదామన్నాడు. నేనూరుకుంటానా? లాల్‌గడి మలక్‌పేట్ దాకా పోవాల్సిందేనని పట్టుబట్టాను.

చెల్లెలి ఇంటి ముందు దిగగానే అవ్వ గబగబా లోపలికి నడిచింది. చెల్లెలు అలవాటుగా మంచం మీద పక్కకు జరిగి చోటిచ్చింది.

"పండుకో అక్కా."

"పండుకోను. నువ్వెట్లున్నవో చెప్పు, వింట."

చిన్నవ్వ అక్క చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. గుమ్మంలో నిలబడ్డ మా ఆయన బయటికి నడిచాడు. బండి ఎప్పుడిస్తారని షోరూం అతన్ని అడగడం నాకు వినపడింది.