ఇంకొక్కటి యేసురత్నం

ఉన్నదానికి ఇంకొకటి తగిలించకపోతే యేసురత్నానికి ఆ పూట అన్నం అరిగేది కాదు. హౌరాలో మేమిద్దరం పనిచేసిన ఫ్యాన్ల కార్ఖానాలో కొత్త నమూనాలు గీసేది అతనే. నేను పక్క బల్ల మీద వాటికి కొలతలు వేసేవాణ్ణి. అతని గొడుగుకు టార్చిలైటు, దువ్వెన, ఎలుకబోను ఉండేవి. వాన వస్తే మాత్రం నా గొడుగులోకి దూరేవాడు. అతనిది తెరవాలంటే ముందు ఎలుకను వదిలెయ్యాలి మరి.

భోజనం ముందు ప్రార్థనకూ ఇదే జబ్బు. "ఆమెన్" అని అందరూ కంచాల్లో చెయ్యి పెట్టబోతుంటే, "ఇంకొక్కటి, ప్రభువా!" అనేవాడు.

"ఆయనకీ ఆకలేస్తాదయ్యా, ఒగ్గీండి," అనేది భార్య తబితా, పులుసు మళ్ళీ పొయ్యి మీదికెక్కిస్తూ.

అరవై నాలుగులో కంపెనీ కొత్త టేబుల్ ఫ్యాను తలపెట్టింది. మేనేజరు బెంగాలీ బాబు. "సింపుల్‌గా ఉండాలి దాదా! భాగాలు తగ్గాలి, పని తగ్గాలి, మనుషులూ తగ్గాలి," అన్నాడు. పాత ఫ్యాను పిడికి పేము చుట్టే దాలమ్మ చెవిన ఆ మాట పడింది. మేనేజరు లెక్కలో కొత్తదానికి పిడే లేదు. మొగుడు పోయాక ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆ పేము వల్లే.

"నన్నూ తీసేత్తారేటి బాబూ?" అని యేసురత్నాన్ని అడిగింది.

అతను విననట్టే పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

చివరికి నమూనా తయారైంది. మోసుకురావడానికి నలుగురు కావలసి వచ్చారు. నెత్తిన దీపం, పొట్టలో గడియారం, పక్కన టీ గ్లాసుకు కొక్కెం, దోమల్ని బెదిరించడానికి ఈల. వెనకాల ఎక్కడో పేము చుట్టిన పిడి. స్విచ్చి వేస్తే గాలి రాలేదు. ఫ్యానే బల్ల దిగి గుమ్మం వైపు నడిచింది. తీగ పట్టి ఆపింది గానీ, లేకపోతే హుగ్లీ నది కూడా దాటేసేదే.

"ఎటా కీ, దాదా? ఇదేమిటి?" మేనేజరు తల పట్టుకున్నాడు. "దీపమెందుకు?"

"గాలి ఎటొస్తందో కనపడాల కదా బాబూ!"

"తీసెయ్!"

"సరే బాబూ."

"గడియారం?"

"గాలెప్పుడొచ్చిందో తెలియాల కదా!"

"తీసెయ్! ఆ కొక్కెం, ఆ ఈల, అన్నీ తీసెయ్!"

"సరే బాబూ."

యుద్ధం జరుగుతుందనుకున్న నేను నోరు తెరిచాను. వరస గెలుపులతో మేనేజరు మొహం వెలిగిపోయింది. చాయ్ తెప్పించుకున్నాడు. అప్పుడు పిడి కనిపించింది.

"ఇదెందుకు?"

"మోటారు కాగిపోతాది బాబూ, ఎత్తినప్పుడు చెయ్యి కాలకుండా. అన్నీ మీరు చెప్పినట్టే తీసేస్తాను. ఇదొక్కటీ..."

మేనేజరు చాయ్ గుక్క వేసి మహారాజులా నవ్వాడు. "ఉంచుకో దాదా, ఉంచుకో. నీదంటూ ఒకటి ఉండొద్దూ?"

తలుపు చాటున దాలమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. మర్నాడు వెళ్ళేసరికి పేము బద్దలు నీళ్ళలో నానుతున్నాయి.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే ఫెర్రీలో నిలదీశాను. "అమ్మ దొంగా! ఆ చెత్తంతా ఈ పిడి కోసం వేసిన ఎరా?"

యేసురత్నం నిజంగానే నొచ్చుకున్నాడు. "దీపం, గడియారం ఎరే. కొక్కెమూ ఎరే. ఈల మాత్రం ఉండాల్సిందే! దోమల సంగతి నీకేటి తెల్సు?"

జేబులోంచి ఆ ఈల తీసి, గొడుగు పిడికి బిగించి, పనిచేస్తుందో లేదోనని గట్టిగా ఊదాడు.

మా ఫెర్రీ నది మధ్యలో ఆగిపోయింది.